సాహసం కొనేముందు బల్ల చుట్టూ ఎవరున్నారో చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోదగ్గ ఆటల మీద వచ్చిన వ్యాసం చదివాను. క్యారమ్స్, చదరంగం, వైకుంఠపాళి వరుసలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు కూడా రెండు పేరాలు ఇచ్చారు. ఈ ఆటను ప్రేమించే మనిషిగా మీకు కృతజ్ఞతలు. కానీ నియమాలు వంటబట్టాక బాగా పేరున్న పెద్ద సాహసాల పుస్తకం ఒకటి కొనుక్కుంటే చాలన్న సలహా చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మాట నమ్మి వేలు పోసి పుస్తకం తెప్పించే తల్లిదండ్రులు, కాలేజీ పిల్లలు మీ పాఠకుల్లో తప్పకుండా ఉంటారు. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఒక పెద్ద కథ మొదలుపెట్టి సగంలో వదిలేసిన బృందాన్ని మళ్లీ ఒకచోట కూర్చోబెట్టడం మాత్రం చాలా కష్టం.

నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. రెండో శనివారం, నాలుగో శనివారం మాకు సెలవు. ఆ మధ్యాహ్నాలు మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఈ ఆట సాగుతుంది. కథ నడిపేది నేను, అంటే గేమ్ మాస్టర్‌ని. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఒకరు కత్తివీరుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె. ముందు ఏముందో నేను చెబుతాను, ఏం చేస్తారో వాళ్లు చెబుతారు, అటో ఇటో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తాం. బుర్రకథలో వంతలు "తర్వాత ఏమైంది?" అని అడుగుతారు గానీ జవాబు వాళ్లకు ముందే తెలుసు. ఇక్కడ అడిగేవాళ్లకు నిజంగానే తెలియదు, చాలాసార్లు నాకూ తెలియదు.

మీ వ్యాసంలో కలిసిపోయిన విషయం ఒకటుంది. నియమాల పుస్తకం వేరు, సాహసం వేరు. నియమాలు ఒకసారి కొంటే ఏళ్లపాటు పనికొస్తాయి. సాహసం అంటే ఒక ఊరు, ఒక కొండ, అందులో ఉండే మనుషులు, వాళ్ల తగాదాలు, పటాలు, రహస్యాలు. రహస్యం బయటపడ్డాక అదే బృందంతో దాన్ని మళ్లీ ఆడలేం. అందుకే ఈ ఆట ఆడే ప్రతి ఇంట్లోనూ తర్వాత ఏది కొనాలన్న ప్రశ్న పదేపదే వస్తుంది. 1974లో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ఈ ఆటను అచ్చువేసిన నాటి నుంచి వచ్చిన సాహసాలు లెక్కకు మించి ఉన్నాయి. పేరును బట్టి ఎంచుకుంటే మొదట చేతికొచ్చేవి అన్నిటికంటే లావుపాటివి.

మా బల్ల చుట్టూ ఉన్నవాళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా వాళ్ల మీదే నిలబడింది. మా చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోంది, రావడం ఎప్పుడూ మానదు. ఇంటర్ రెండో ఏడాది కుర్రాడొకడు జనవరి నుంచి ఈఏపీసెట్ అయ్యేదాకా కనిపించడు. కింది ఫ్లోర్ దంపతుల్లో భర్తది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, మధ్యాహ్నం షిఫ్టు పడితే భార్య ఒక్కతే వస్తుంది. పక్క ఫ్లాట్ బాబాయ్ గారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. కత్తి దూయడం కంటే ఎదురుపడిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి నీదే ఊరు, ఎవరి తాలూకు అని అడగడం ఆయనకు ఇష్టం. ఇలాంటి బల్లకు ఏ సాహసం కొనాలి?

చాలామంది మొదట చెప్పే పేరు కర్స్ ఆఫ్ స్ట్రాడ్. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు రాసిన రేవెన్‌లాఫ్ట్ 1983లో వచ్చింది. దాన్నే పెంచి 2016లో ఈ పుస్తకం చేశారు. మంచు తెర కమ్మిన బరోవియా లోయ, కొండ మీద కోట, అందులో రక్తపిశాచి దొర. ఒక జోస్యగత్తె పేకముక్కలు పరిచి చెప్పేదాన్ని బట్టి ముఖ్యమైన వస్తువులు ఎక్కడున్నాయో మారిపోతుంది, కాబట్టి రెండు బృందాలకు కథ ఒకేలా నడవదు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అది గొప్ప పుస్తకమే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పాత్రల బలం ఒకటో లెవెల్ నుంచి పదో లెవెల్‌కు ఎదిగేదాకా సాగే కథ అది. నెలకు రెండు మధ్యాహ్నాల లెక్కన మాకు రెండేళ్లు దాటుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఆ మంచు తెర. లోయలోకి వెళ్లినవాడు బయటికి రాలేడు, భయమంతా అక్కడే పుడుతుంది. మరి మా ఇంటర్ కుర్రాడు పరీక్షలకు వెళ్లిపోతే వాడి పాత్ర ఎక్కడికి పోవాలి? షిఫ్టు పడిన రోజు కత్తివీరుడు ఏమైనట్టు? కథకు ప్రాణం పోసిన కట్టడే మా బల్లకు అడ్డం. వారం వారం తప్పకుండా కలిసే నలుగురు హాస్టల్ కుర్రాళ్లకైతే ఇదే పుస్తకం కొనమని నేనే చెబుతాను. పన్నెండేళ్ల పిల్లలున్న ఇంటికి మాత్రం చెప్పను. పిల్లల మీద జరిగే ఘోరాలు అందులో ఉన్నాయి, వాటిని తీసేస్తే కథ పలచబడిపోతుంది.

ఈ పుస్తకం కొనేవారికి ఇంకో మాట. అందులో విస్తానీ అని సంచార జాతి ఒకటుంది. యూరప్‌లోని రోమా జనం మీద ఎన్నో తరాలుగా ఉన్న చెడ్డపేరునే ఎత్తి వాళ్లకు తొడిగారని విమర్శలు వచ్చాక, 2020లో ప్రచురణకర్తలు ఆ భాగాలను సవరించారు. కొంటే సవరించిన ముద్రణే కొనండి. సంచార జనమంతా దొంగలన్న మాట ఎంత దూరం వెళ్లగలదో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చాక ఎరుకలవాళ్లు అనుభవించింది, స్టూవర్టుపురం అన్న పేరు ఇప్పటికీ మోస్తున్నది మన కళ్ల ముందే ఉన్నాయి. ఆట కదా అని పిల్లల ముందు ఆ మాట పలికించడం నాకు సమ్మతం కాదు.

రెండో పెద్ద పేరు మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్. ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ది కాదు, కేయోసియం సంస్థ 1981లో తెచ్చిన కాల్ ఆఫ్ కథూలూ అన్న భయానక కథల ఆటది. లారీ డిటిలియో, లిన్ విల్లిస్ రాసిన ఈ సాహసం మొదట 1984లో పెట్టెలో వచ్చింది. 2018 ముద్రణ రెండు సంపుటాలు, ఆరువందల పైచిలుకు పేజీలు. 1925లో న్యూయార్క్‌లో మొదలై లండన్, కైరో, కెన్యా, షాంఘై, ఆస్ట్రేలియా తిప్పుతుంది. కొత్త ముద్రణలో పెరూ కూడా చేరింది. ఇందులో ఆధారాలన్నీ కాగితాలే: ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల్లోంచి కత్తిరించిన వార్తలు. ఆ కాగితాలను బల్ల మీద పరిచి, ఈ తేదీ ఆ తేదీతో ఎందుకు కలవడం లేదని తలలు దగ్గరపెట్టి ఆలోచించడంలో ఉన్న ఆనందం మీలాంటి పత్రికవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బాబాయ్ గారి కోసమే రాశారా అనిపిస్తుంది నాకు. కానీ పోయిన నెల చూసిన కాగితాన్ని ఈ నెల గుర్తుపెట్టుకోవాలి. సగం మంది మారిపోయే బల్లలో ఆ దారం తెగిపోతుంది. పాత్రలు చచ్చిపోవడం, పిచ్చెక్కడం ఈ ఆటలో మామూలు. అది ఇష్టపడేవాళ్లు ఉన్నారు, ఇంటికి వెళ్లి రెండు రోజులు దిగులుపడేవాళ్లూ ఉన్నారు. మీ వాళ్లు ఏ రకమో తెలుసుకోవడానికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఈ ఆట క్విక్‌స్టార్ట్, అంటే మొదలుపెట్టడానికి చాలినన్ని నియమాలు, ఉచితంగా దొరుకుతాయి, అందులోనే ద హాంటింగ్ అని చిన్న సాహసం ఉంది. బోస్టన్‌లో ఒక పాత ఇల్లు, అద్దెకున్నవాళ్లకు ఏదో అయింది, చూసిరమ్మని యజమాని అడుగుతాడు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. అది ఆడి, లేచేటప్పుడు మీవాళ్ల ముఖాలు చూడండి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చిన లాస్ట్ మైన్ ఆఫ్ ఫ్యాండెల్వర్ ఇప్పటికీ మంచి మొదలు. 64 పేజీలు, ఒకటి నుంచి ఐదో లెవెల్ దాకా. దారిలో బండి మీద దాడితో మొదలై, ఒక చిన్న ఊరు, చుట్టుపక్కల నాలుగు చోట్లు, చివర గని. దాన్నే పొడిగించి 2023లో ఫ్యాండెల్వర్ అండ్ బిలో తెచ్చారు. ఆ చిన్నది నచ్చితేనే ఈ పెద్దదాని దగ్గరికి వెళ్లండి.

మాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఇంకా పాతది, గైగ్యాక్స్ స్వయంగా రాసిన ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్. సరిహద్దున ఒక కోట, దాపున ఒక లోయ, లోయ గోడల నిండా గుహలు. గుహకో తెగ, తెగకూ తెగకూ పడదు. చిన్న పుస్తకం. కోటలో ఒక్కడికీ పేరు లేదు. కోట అధిపతి, సారాకొట్టువాడు, కంసాలి అని పని పేర్లే ఉంటాయి. తెలుగులో ఆట నడిపేదానికి అంతకంటే ఏం కావాలి? సారాకొట్టువాడికి సింహాద్రి అని పేరు పెట్టాను, మూడో పూటకల్లా వాడు మా అందరికీ చుట్టమైపోయాడు. గుహ ముందు నిలబడి బాబాయ్ గారు అడిగిన ప్రశ్న నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "అమ్మా, లోపల ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారంటున్నావు. వాళ్లు మనల్ని ఏమన్నారని వాళ్ల ఇంట్లోకి కత్తులతో వెళ్లడం?" పుస్తకంలో ఆడవాళ్లూ పిల్లలూ నిజంగానే లెక్కతో సహా రాసి ఉన్నారు. మా చెల్లెలి కూతురు "పెద్దమ్మా, పక్క గుహవాళ్లతో వీళ్లకు ఉన్న గొడవేంటో ముందు కనుక్కుందాం" అంది. ఆ తర్వాత మా ఆట అంతా రాయబారాలే. కత్తి తీసిన సందర్భాలు చాలా తక్కువ. తర్వాత ఏది కొనాలో అప్పుడే సగం తేలిపోయింది: మాట్లాడటానికి చోటున్న సాహసం కావాలి, ఎదుటివాళ్లకు ఏం కావాలో రచయిత రాసిపెట్టిన సాహసం కావాలి.

మేం ఆడేది తెలుగులో, పుస్తకాలు ఇంగ్లిషులో. ఇది కొనేటప్పుడు మనం ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. కొన్ని పుస్తకాల్లో ప్రతి గదికీ బిగ్గరగా చదివి వినిపించమని పెట్టెకట్టి పెద్ద పేరా ఇస్తారు. ఇంగ్లిషు బల్లకు అది సౌకర్యం. నాకు అది గోడ. చూపు పేరా మీద, నోరు తెలుగులో, ఎదురుగా ఐదుగురు నా మాట కోసం ఎదురుచూస్తుంటే, ఆ నాలుగో వాక్యంలో దాక్కున్న తలుపు సంగతి చెప్పడం మరిచిపోతాం. గావిన్ నార్మన్ రాసిన ద హోల్ ఇన్ ద ఓక్, వింటర్స్ డాటర్ లాంటివి చూడండి. గదిలో మొదట కంటపడేవి ముద్దక్షరాల్లో, ఒక్కోదానికీ రెండు మూడు మాటల వివరణ. ఒక్క చూపుతో పట్టుకుని మన భాషలో చెప్పేయొచ్చు. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే స్కెర్పుల్స్ అన్న కలంపేరుతో రాసే రచయిత టూంబ్ ఆఫ్ ద సర్పెంట్ కింగ్స్ ఉచితంగా దొరుకుతుంది. కొత్తవాళ్లకు గదికో పాఠం నేర్పేలా కట్టిన నేలమాళిగ అది. కొనేముందు చూపించే నమూనా పేజీల్లో ఏదో ఒక గది వివరణ తీసుకుని, అక్కడికక్కడే ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పి చూడండి. చెప్పలేకపోతే పుస్తకం ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు.

ఇంతకీ మేం ఆరుగురం డబ్బులు వేసుకుని తెప్పించుకున్నది జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటాడెల్. 2022లో వచ్చింది. పదమూడు విడివిడి సాహసాలు, ఒకటో లెవెల్ నుంచి పద్నాలుగో లెవెల్ దాకా. మధ్యలో ఒక నగరం, అక్కడి నుంచి రకరకాల దేశాలకు దారులు. ఒక కథ ఒకటి రెండు కూర్చోవడాల్లో ముగుస్తుంది. ఈసారి రానివాడు నగరంలోనే ఉండిపోయాడు అనుకుంటాం, వచ్చేసారి కలుస్తాడు. బరోవియా మంచు తెరతో వచ్చిన చిక్కు ఇక్కడ లేనే లేదు. మొదటి కథ, సురేనా మేరీ రాసిన సాల్టెడ్ లెగసీ, రాత్రిపూట సాగే బజారులో రెండు వర్తక కుటుంబాల తగాదా. వంటల వాసన, దుకాణదారుల బేరాలు, పోటీలు. బాబాయ్ గారు ఎవరి తాలూకు అని అడగడానికి ఆ బజారు నిండా మనుషులే.

నాకు అన్నిటికంటే ఆశ ఉన్నది తొమ్మిదో లెవెల్ కథ మీద. కోల్‌కతాలో పుట్టిన మిమి మండల్ రాసిన ఇన్ ద మిస్ట్స్ ఆఫ్ మణివర్ష. శంఖభూమి అనే నదుల దేశం, బెంగాల్ నీళ్లూ అడవులూ తెలిసిన చెయ్యి రాసినది. ఈ పుస్తకం తయారీకి నేతృత్వం వహించిన ఇద్దరిలో ఒకరు అజిత్ జార్జ్. తమిళనాడులోని శాంతిభవన్ బడి కోసం పనిచేసే వ్యక్తి ఆయన. రాసినవాళ్లంతా నల్లజాతి రచయితలు, మనలాంటి గోధుమరంగు దేశాల మూలాలున్న రచయితలే. దశాబ్దాలపాటు యూరప్ కోటల్లో, యూరప్ పేర్లతో ఆడుకున్నాం. మా చెల్లెలి కూతురు శంఖభూమి పటం చూసి, ఈ ఊళ్లలో మనలాంటివాళ్లే ఉంటారా అని అడిగినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈ పుస్తకంలో లోటు లేకపోలేదు. కథలు చిన్నవి కాబట్టి కొన్నిచోట్ల మనుషులు పరిచయమయ్యేలోపే ముగింపు తోసుకొస్తుంది. ఒక దేశంలో ఎక్కువకాలం ఉండాలనుకుంటే గేమ్ మాస్టర్ సొంతంగా చాలా కల్పించుకోవాలి. తెలిసే కొన్నాం.

ఖర్చు సంగతి కూడా రాయాల్సింది మీరు. గట్టి అట్ట పుస్తకాల అమెరికా ధర చాలాకాలం 49.95 డాలర్లు, 2023లో కొత్తవి 59.95కు పెరిగాయి. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం కూడా వేశారు. ఒక్క కుటుంబం మీద ఆ భారం వేసుకోనక్కర్లేదు. అందరూ కలిసి కొని గేమ్ మాస్టర్ దగ్గర ఉంచితే సరిపోతుంది, ఎలాగూ మిగతావాళ్లు ముందే చదవకూడదు. ఆడటం అయిపోయాక ఇంకో బృందానికి ఇచ్చి వాళ్లది తెచ్చుకోవచ్చు. ఊళ్లో ఇంకో బృందం ఉందని తెలియాలంటే మీలాంటి పత్రిక రాయాలి.

కాబట్టి నా విన్నపాలు రెండు. ఈ ఆటల గురించి మళ్లీ రాసేటప్పుడు ప్రతి సాహసం పేరు పక్కన ఎంతమందికి, ఎన్ని పూటలు పడుతుంది, ఏ వయసు నుంచి ఆడొచ్చు, మధ్యలో మనిషి మారితే నడుస్తుందా అన్నది తప్పక వేయండి. రెండోది, వేసవి సంచికలో ఒక అరపేజీ ఇస్తే అందులో పట్టే తెలుగు సాహసం ఒకటి రాసిస్తాను. భీమిలిలో డచ్చివాళ్ల గోరీలు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, తొమ్మిది గదుల పటం. నలుగురైదుగురికి, ఒక్క మధ్యాహ్నానికి, పన్నెండేళ్లు దాటినవాళ్లకు. ఇంట్లో ఉండే ఆరు ముఖాల పాచికలతోనే ఆడుకునేలా నియమాలు కూడా ఆ అరపేజీలోనే ఇముడుస్తాను. పటం నల్లసిరాతో గీసి సిద్ధంగా ఉంచాను. మీ కొలతలు చెబితే పంపుతాను.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం